డెబ్బై రెండు గంటల నియమం

బుధవారం పొద్దున సితూమా వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండు గంటలకు, ఊపే యంత్రం షేకర్ మీంచి ఫ్లాస్కు దించాలి. అందులోని ద్రవాన్ని గిరగిరా తిప్పే యంత్రంలో వేసి తేటపరచాలి. ఆ తేటను నికెల్ గొట్టంలోంచి పంపాలి. మూడింటికల్లా ఇంటికి పోయి, భార్య నెలీమాతో కలిసి మొక్కజొన్నలో కలుపు తీయాలి. మనిషన్నవాడు ఇంతకంటే తక్కువ కోరుకోలేడు.

కిటాలే ఊరి బయట గుట్ట మీదున్న పశువుల ప్రయోగశాలలో సితూమా టెక్నీషియను. పదకొండేళ్ళ కిందట ఫ్లాస్కులు కడగడానికి చేరి, పక్కన నిలబడి చూసి చూసి పని మొత్తం నేర్చేసుకున్నాడు. పేరుకి పైన డాక్టర్ లిమోగారున్నారు. ఆయన ఫ్లాస్కు ముట్టుకుని ఎన్నేళ్ళయిందో ఆ ఫ్లాస్కునే అడగాలి. ఆయన ముట్టుకునేవి కాగితాలు.

అక్కడ జరిగే పని ఇది. పిడుదులు కుట్టి ఆవులకు జ్వరం వస్తుంది. వచ్చిందని తెలిసేసరికి ఆవు ఉండదు. ముందే పసిగట్టే పరీక్ష తయారు చేయడానికి ఒక ప్రొటీన్ కావాలి. దాన్ని పురుగు కణాల చేత చేయించాలి. ఫ్లాస్కులో పురుగు కణాలను పెంచి, వాటి మీదికి ఒక వైరస్‌ని వదిలితే, మూడు రోజుల్లో ఆ కణాలు మనకు కావలసిన ప్రొటీన్ని తయారు చేసి ద్రవంలోకి వదులుతాయి. చేయాలి మరి. పదకొండుసార్లు ప్రయత్నించారు. పదకొండుసార్లూ, పరీక్ష పలక మీద ముదురు నీలి గీత రావలసిన చోట, కళ్ళజోడు తుడుచుకుని దేవుణ్ణి తలచుకుంటే తప్ప కనిపించని మరక వచ్చింది.

ఇది పన్నెండోసారి. ఇదే ఆఖరు. శుక్రవారం నైరోబీ నుంచి కమిటీ వస్తోంది. ప్రొటీన్ చూపిస్తే ప్రయోగశాల ఉంటుంది. లేకపోతే మూసేసి, భవనాన్ని ట్రాక్టర్లు పెట్టుకోవడానికి కౌంటీ ఆఫీసుకి ఇచ్చేస్తారు. కౌంటీవాళ్ళు అప్పుడే రెండుసార్లు వచ్చి తలుపుల వెడల్పు కొలుచుకుని పోయారు.

పైగా ఒక నియమం ఉంది. “వైరస్ వేసిన డెబ్బై రెండు గంటలకు ఫ్లాస్కు దించవలెను” అని లిమోగారు అచ్చు వేయించిన పద్ధతి పత్రంలో ఉంది. ఆలస్యమైతే కణాలు పగిలి, వాటిలోని రసాలు ప్రొటీన్ని కొరికేస్తాయని ఆయన ఎక్కడో చదివారు. డెబ్బై రెండు గంటలంటే ఇవాళ పదకొండింటికి. సితూమా ఆ అంకెను నమ్మినంతగా పాస్టరుగారిని కూడా నమ్మలేదు.

ఎనిమిదింటికే లిమోగారు చేతిలో ఎర్ర పట్టీ చుట్టతో ఊడిపడ్డారు.

“సితూమా, కమిటీ వస్తోంది. ఫ్లాస్కులన్నిటికీ ఎర్ర పట్టీ ఉండాలి.”

“సార్, వైరస్ ఉన్నదానికే ఎర్ర పట్టీ వేస్తాం. రెండోది వైరస్ లేనిది, పోల్చి చూసుకోడానికి పెట్టింది. దానికీ వేసేస్తే ఏది ఏదో...”

“ఒకదానికి ఉండి ఒకదానికి లేకపోతే కమిటీవాళ్ళకి ఎలా కనిపిస్తుందయ్యా? పట్టీలకి కూడా గతిలేనివాళ్ళలా కనిపిస్తాం. వెయ్యి.”

వేశాడు. తన ధైర్యానికి ఫ్లాస్కుల అడుగున పెన్నుతో గుర్తులు మాత్రం గీసుకున్నాడు. వైరస్ ఉన్నదానికి అడ్డగీత, లేనిదానికి సున్నా.

“ఇంకోటి. గేటుకి బోర్డేదీ? లోపల ఏం జరుగుతోందో ప్రజలకి తెలియాలి. వాళ్ళకి అర్థమయ్యే భాషలో తెలియాలి. కమిటీ అడిగే మొదటి ప్రశ్న అదే!” అని చెప్పి లిమోగారు కమిటీకి భోజనాలు కుదర్చడానికి కారెక్కి టౌనుకి పోయారు. బోర్డు పెట్టించడమంటే పని చేసినట్టేనని నమ్మే జాతి ఆయనది. ఆ జాతికి ప్రతి ఆఫీసులోనూ ఒక కుర్చీ ఉంది.

సితూమా ఒక అట్టముక్క తీసుకుని లావుపాటి పెన్నుతో స్వాహిలీలో రాశాడు: “లోపల కత్తెర పురుగు కణములు, వైరస్ పెంచబడుచున్నవి. అనుమతి లేనిదే రాకూడదు.” కింద ఆఫీసు ముద్ర కొట్టి గేటుకి వేలాడదీశాడు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ గేటు ముందునుంచే పిండిమరకు దారి. గేటు దగ్గర ఖయెంబా అనే ముసలి కాపలాదారు ఉంటాడు. చదువొచ్చినవాడు. చదువొచ్చిన కాపలాదారు ఊరికే కూర్చోడు. నెత్తిన డబ్బాలతో మరకు పోతున్న ఆడవాళ్ళకు బోర్డు పైకి చదివి వినిపించాడు. గౌరవంగా, రెండుసార్లు.

రెండు పంటల నుంచి కత్తెర పురుగు ఆ చుట్టుపక్కల మొక్కజొన్న సుడుల్లో చేరి ఆకుల్ని జల్లెడ చేసేస్తోంది. ఏరి చంపారు, బూడిద పోశారు, ఇసక పోశారు, ప్రార్థనలు చేయించారు.

“పెంచుతున్నారా? కత్తెర పురుగునా?”

“ముద్ర కూడా ఉందిగా. ఇదిగో.”

“గవర్నమెంటే పెంచి వదుల్తోందన్నమాట! అదెక్కణ్ణుంచి వచ్చిందే అని మనం ఆకాశం కేసి చూస్తున్నాం!”

పిండిమరలో పిండికంటే మెత్తగా నలిగేది కబురు. పదిన్నరకల్లా ఇరవైమంది ఆడవాళ్ళు గేటు తోసుకుని లోపలికొచ్చారు. ప్రతి ఒక్కరి చేతిలో ఒక నూనె డబ్బా. ప్రతి డబ్బాలో సాక్ష్యం కోసం తమ చేలో ఏరిన పురుగులు. అందరికీ ముందు నంజాలా ఉంది. ఆడ రైతుల సంఘానికి పెద్ద. సితూమాకి అత్తగారు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. వీళ్ళ బుకుసు తెగలో అల్లుడు, అత్తగారు ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. చెయ్యి కలపరు. ఒక కప్పు కింద నిలబడరు. దారిలో ఎదురుపడితే ఇద్దరిలో ఒకరు దారి దిగి చేలోకి పోవాలి. ఇది పగ కాదు, గౌరవం. పెళ్ళైన తొమ్మిదేళ్ళలో సితూమా అత్తగారిని చూసింది దూరం నుంచి, అదీ వీపు. ఆ వీపంటే అతనికి ఎనలేని భక్తి.

భవనం మధ్యలో రేకుల కప్పుతో సన్నటి కారిడార్. దానికి ఎడమ గదిలో షేకర్ మీద ఫ్లాస్కులు ఊగుతున్నాయి. కుడి గదిలో తిప్పే యంత్రం ఉంది. సితూమా కుడి గదిలో యంత్రాన్ని చల్లబరుస్తూ తలుపు అద్దంలోంచి చూశాడు. వీపు కాదు, ముఖమే వస్తోంది. గభాలున బల్ల కింద దూరాడు.

“ఖయెంబా! లోపల ఎవరున్నారు?” అంది నంజాలా కారిడార్‌లో నిలబడి.

“ఇంకెవరక్కా, మీ అల్లుడే.”

నంజాలా భుజం మీది గుడ్డ ముఖం మీదికి లాక్కుని గోడవైపు తిరిగిపోయింది. “ముందు చెప్పొద్దూ ముసలోడా! ఒకే కప్పు కింద నిలబెట్టేశావు కదా నన్ను!”

ఖయెంబా తల పైకెత్తి కప్పును పరీక్షించాడు. “అబ్బే, అదేం లేదక్కా. నువ్వున్నది రేకు కింద. అతనున్నది పెంకు కింద. కప్పులు వేరు.”

నంజాలా కూడా గుడ్డ సందులోంచి పైకి చూసింది. న్యాయంగానే ఉంది. “అయితే కూర్చుంటాను” అని కారిడార్‌లో ఉన్న ఒక్కగానొక్క బల్ల మీద కూర్చుంది. “కానీ ఆ మనిషి తలుపు తీసి రేకు కిందికి ఒక్క అడుగు వేశాడో, నా పరువు, అతని పరువు, మా నెలీమా పరువు మూడూ ఒక్కసారే పోతాయి. ఆ మాట చెప్పు. చెప్పి, పురుగుని ఎందుకు పెంచుతున్నాడో అడుగు.”

సితూమా తన గదిలో బల్ల కిందే కూర్చుని గడియారం చూసుకున్నాడు. పదీ నలభై. ఫ్లాస్కు ఎడమ గదిలో ఉంది. తను కుడి గదిలో ఉన్నాడు. మధ్యలో రేకు, రేకు కింద అత్తగారు.

తలుపు దాకా పాకి, సందులోంచి గుసగుసగా అన్నాడు: “బాబాయ్, మా అత్తగారికి చెప్పు. ఇక్కడ పురుగుల్లేవు. కణాలున్నాయంతే. ఎప్పుడో యాభై ఏళ్ళ కిందట, దూరదేశంలో, ఒక ఆడపురుగు కడుపులోంచి తీశారు. అవే ఇప్పటికీ పెరుగుతున్నాయి. వాటికి నోరు లేదు, మొక్కజొన్న తినలేవు. అర్థమైందా?”

“నాకు అర్థం కాకపోవడమేంట్రా అబ్బాయ్!” అని ఖయెంబా జనం వైపు తిరిగాడు. “అక్కా, లోపలున్నది ఒక్కటే పురుగంట. ఆడది. యాభై ఏళ్ళదంట. ఇంకా పెరుగుతోందంట. నోరు లేదంట.”

ఆడవాళ్ళు తమ డబ్బాల్లోకి ఒకసారి తొంగి చూసుకున్నారు.

“నోరు లేకుండానే మన రెండు పంటలు తినేసిందా?” అంది ఒకామె.

“యాభై ఏళ్ళంటే ఇప్పుడెంత ఉంటుందో!”

ఎడమ గదిలోంచి షేకర్ మోత సన్నగా వినిపిస్తోంది. గుర్ర్... గుర్ర్... ఇరవైమందీ ఒక్కసారి ఆ తలుపు వైపు చూసి రెండడుగులు వెనక్కి వేశారు.

“నిద్రపోతోంది” అంది ఇంకొకామె గొంతు తగ్గించి. “గట్టిగా మాట్లాడకండే.”

సితూమా నెత్తి కొట్టుకున్నాడు. “బాబాయ్, అది యంత్రం! ఆ కణాల్లో మేం వైరస్ వేశాం. మూడేళ్ళుగా ఇదే పని. కణాలన్నీ ఇవాళ చచ్చిపోతాయి. చచ్చేలోపల నేను ఫ్లాస్కు తీసుకోవాలి. ఒక్క నిమిషం అటు తిరిగి బయటికెళ్ళమని చెప్పు, నీకు పుణ్యముంటుంది.”

“అక్కా, విను. ఆ పురుగుని చంపే రోగం మీ అల్లుడి దగ్గరుందంట. అదేస్తే ఇవాళ చచ్చిపోతుందంట.”

“ఎప్పట్నుంచి ఉంది ఆ రోగం అతని దగ్గర?”

“మూడేళ్ళ నుంచంట.”

నంజాలా లేచి నిలబడింది. ముఖం గోడవైపే ఉంది కాబట్టి ఆ తిట్లన్నీ పాపం గోడ తినాల్సి వచ్చింది. “మూడేళ్ళు! కత్తెర పురుగుని చంపే మందు మూడేళ్ళ నుంచి అరలో పెట్టుకుని, మా నెలీమా చేత సుడి సుడికీ వేళ్ళు పెట్టించి పురుగులు ఏరిస్తున్నాడా? ఈ వయసులో నా చేత బుట్టలతో బూడిద మోయిస్తున్నాడా? ఏప్రిల్ నెలంతా మా ఇంట్లో మొక్కజొన్న పిండి లేదు, ఉగాలి ముద్ద లేదు, ఉడకేసిన చిలగడదుంపలు తిన్నాం! ఎంత మంచి అల్లుడండీ, నా ముఖమైనా చూడడు అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఎందుకు చూడడో ఇప్పుడు తెలిసింది! ఖయెంబా, చెప్పు. మందు బయటికి వచ్చేదాకా నేనీ బల్ల దిగను.”

ఆడవాళ్ళు డబ్బాలు కొట్టి హర్షం తెలిపారు.

పదకొండయింది. పదకొండుంపావు. “బాబాయ్, పోనీ నువ్వే ఎడమ గదిలోకెళ్ళి ఫ్లాస్కు తెచ్చిపెట్టు.”

“ఆ ఆడపురుగు పడుకున్న గదిలోకా?” అన్నాడు ఖయెంబా. “నాకు ముగ్గురు మనవలున్నారు నాయనా.” అని టీకి పోయాడు. అప్పటికే వెనక వంటపాకలో ఆడవాళ్ళు పెద్ద కుండలో టీ పెట్టేశారు. అందరూ ఎక్కువసేపు ఉండే ఉద్దేశంతో వచ్చినట్టే ఉన్నారు. ముసలాయన టీ తాగి, తాగించి, తిరిగొచ్చేసరికి పన్నెండున్నర.

అప్పటికి సితూమా నిర్ణయం తీసుకున్నాడు. కిటికీ ఉంది కదా. కిటికీకి కప్పు లేదు, గౌరవ మర్యాదల సమస్య లేదు. తెల్ల గౌను, టోపీ, మాస్కు, చేతి తొడుగులతో సహా కుడి గది కిటికీలోంచి దిగి, భవనం చుట్టూ వంగి నడిచి, ఎడమ గది కిటికీలోంచి లోపల పడ్డాడు. మాస్కులోంచి ఊపిరి పైకి తన్ని కళ్ళజోడు మసకబారిపోయింది. షేకర్ మీద రెండు ఫ్లాస్కులు, రెండింటికీ ఎర్ర పట్టీలు. అడుగున గుర్తు చూడాలంటే తలకిందులు చేయాలి, అంత వ్యవధి లేదు. వైరస్ ఉన్నది ఎప్పుడూ ఎడమవైపే పెడతాడు. ఎడమవైపుది తీసుకున్నాడు. తను ఇప్పుడు కిటికీ వైపు నుంచి వచ్చాడని, తన ఎడమ రోజూ ఉండే ఎడమ కాదని అతనికి తట్టలేదు.

ఫ్లాస్కుని పసిబిడ్డలా గుండెకు హత్తుకుని కిటికీ దిగుతుండగా, పుల్లలు ఏరుకోవడానికి వచ్చిన ఒకామె చూసింది.

“అమ్మో! మందు పట్టుకుని పారిపోతున్నాడే!”

ఇక చూడండి. ముందు తెల్ల గౌను, వెనక ఇరవై డబ్బాల చప్పుడు. వంటపాక చుట్టూ ఒకసారి, నీళ్ళ ట్యాంకు చుట్టూ రెండుసార్లు తిరిగి, చివరికి మనిషెత్తు పెరిగిన పశుగ్రాసంలో దూరాడు. దూరి, దిక్కు తెలియక, అడ్డంపడి పరిగెత్తి, అవతల ఎర్ర దూడ కట్టేసి ఉన్న పాక దగ్గర తేలాడు. నంజాలా తెలివైంది. పరిగెత్తేవాడు ఎక్కడ తేలతాడో లెక్కేసుకుని, తక్కినవాళ్ళని వదిలేసి దగ్గరి దారిన అక్కడికే వచ్చింది.

ఇద్దరూ ఎదురెదురుగా పడ్డారు. మూడడుగుల దూరం. తొమ్మిదేళ్ళలో మొదటిసారి.

ఇద్దరూ ఒక్కసారే గిర్రున వెనక్కి తిరిగిపోయారు. వీపుకి వీపు ఎదురుగా, మధ్యలో దూడ. పారిపోతే అగౌరవం. నిలబడితే మాట్లాడాలి. మాట్లాడితే మధ్యవర్తి ఉండాలి. చుట్టుపక్కల ఖయెంబా లేడు.

“ఓ దూడా,” అంది నంజాలా ఆయాసపడుతూ. “నా మాట కాస్త ఆ మనిషికి చెప్పు. సొంత మనుషుల దగ్గర మందు దాచుకోవడం ఏం పెద్దమనిషి లక్షణమో అడుగు.”

దూడ గడ్డి నములుతోంది.

“దూడా,” అన్నాడు సితూమా ఫ్లాస్కుని గట్టిగా పట్టుకుని, “అమ్మగారికి చెప్పు. ఇది పురుగు మందు కాదు. ఆవుల జ్వరానికి పరీక్ష చేసే సరుకు.”

“మరి పురుగెందుకు, రోగమెందుకు, అడుగు.”

పదకొండేళ్ళుగా ఈ ప్రశ్న సితూమాని అడిగినవాళ్ళు లేరు. కాగితం మీద సంతకం అడిగినవాళ్ళే. “దూడా, పురుగు కణం ఒక వంటిల్లనుకో. వైరస్ ఒక దొంగ. వంటింట్లోకి చొరబడి, వంటమనిషి చేతిలో ఒక చీటీ పెట్టి, నాకిది వండు అని బెదిరిస్తుంది. వంటమనిషి వండక చస్తుందా! మేమేం చేశామంటే, ఆ దొంగ చేతిలో చీటీ మార్చేశాం. ఆవుల జ్వరం పరీక్షకి కావలసిన వంటకం పేరు రాసిపెట్టాం. దొంగకి తెలియదు, వంటమనిషికి తెలియదు. మా కూర వండి పెడుతున్నారు.”

నంజాలా వదల్లేదు. “మరి ఆ దొంగని నా చేలో వదిలితే పురుగు చావదా, అడుగు దూడా.”

“చావదు. చేలో ఎండకీ వానకీ తట్టుకోడానికి ఆ వైరస్‌కి గట్టి గవ్వలాంటి తొడుగుంటుంది. మా చీటీ పెట్టడానికి ఆ తొడుగు చీటీనే తీసేశాం. బయటికొస్తే దానికి బతుకు లేదు.”

“అంటే చిరుతని పట్టుకొచ్చి, పళ్ళు పీకి, పాలు పితుకుతున్నారన్నమాట.”

“సరిగ్గా అంతే!” అన్నాడు సితూమా. ఇంత బాగా లిమోగారి పత్రంలో కూడా లేదు.

నంజాలా గొంతు తగ్గింది. “పోయినేడాది మా చుక్కల ఆవు ఆ జ్వరంతోనే పోయింది, దూడా. పొద్దున పాలిచ్చింది, మూడో రోజుకి లేదు. ముందే తెలిసుంటే...” భుజం మీది గుడ్డ సర్దుకుంది. “వంటయ్యాక ఆ దొంగ ఏం చేస్తాడో అడుగు.”

“వంటిల్లు తగలబెట్టి పోతాడు. కూర కూడా మాడిపోతుంది.”

“ఎప్పుడు?”

“ఇవాళ పదకొండింటికి.”

“ఇప్పుడెంతైంది?”

“ఒంటిగంటన్నర.”

“ఓరి దేవుడా! మరి ఆ మనిషి ఇక్కడ నిలబడి దూడతో కబుర్లు చెబుతాడేంటే! పరిగెత్తమను!”

సితూమా పరిగెత్తాడు. కానీ కారిడార్ దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. లిమోగారు టౌను నుంచి వచ్చేశారు. నంజాలా ఖాళీ చేసిన బల్లెక్కి, గడ్డిలో మనిషిని పోగొట్టుకుని తిరిగొచ్చిన ఆడవాళ్ళకి ఉపన్యాసం ఇస్తున్నారు. జనాన్ని చూస్తే ఆయనకి పూనకం వస్తుంది.

“మా ప్రయోగశాల మీ కోసమే! కత్తెర పురుగు మందు కావాలన్నారు. ఇస్తున్నాం! ఈ క్షణమే, ఉచితంగా!”

పక్కన ఖయెంబా, పైఅధికారి ఆజ్ఞ కాబట్టి మనవలను కూడా మరిచిపోయి ఎడమ గదిలోకెళ్ళి మిగిలిన ఫ్లాస్కు తెచ్చాడు. టీ గరిటెతో డబ్బాకి ఒక గరిటె చొప్పున వడ్డిస్తున్నాడు. చివరి డబ్బాకి చివరి గరిటె.

“పోనీలే,” అనుకున్నాడు సితూమా. “అది ఉత్తదే. అసలుది నా దగ్గరుంది.” అనుకుంటూ ఫ్లాస్కుని తలకిందులు చేసి అడుగు చూశాడు.

సున్నా.

మూడేళ్ళ పని, ప్రయోగశాల, పదకొండేళ్ళ ఉద్యోగం ఇరవై నూనె డబ్బాల్లో, సుమారు నాలుగు వందల కత్తెర పురుగులతో కలిసి ఉన్నాయి. సితూమా నేలమీద కూర్చుండిపోయాడు.

ఆడవాళ్ళు డబ్బాల్లోకి తొంగి చూస్తున్నారు. పురుగులు చావలేదు. వేడి రోజున చెరువులో దిగినట్టు హాయిగా ఈదుతున్నాయి. కొన్ని అంచులెక్కి ఒళ్ళు ఆరబెట్టుకుంటున్నాయి.

“ఏం మందు సార్ ఇది? వీటికి స్నానం చేయించడానికొచ్చామా మేము?”

“నా పురుగు ఇందాకటికంటే లావైంది చూడండే!”

“ప్రభావం... నెమ్మది మీద...” అంటూ లిమోగారు బల్ల దిగి, ఆఫీసు గదిలోకి పోయి, లోపల గడియ పెట్టుకున్నారు. ఒకామె విసురుగా డబ్బా ఎత్తింది, పారబోయడానికి.

“ఆగండే!” దూడ పాక దగ్గర్నుంచి, వీపు ఇటు తిప్పి, నంజాలా పెట్టిన కేకకి కోళ్ళు కూడా ఆగిపోయాయి. సితూమా నేలమీద కూలబడ్డ తీరు ఆమె భుజం మీంచి ఒక చిటికెడంత చూసింది. దాన్ని చూసినట్టు లెక్కవెయ్యరు. “ఒక్క చుక్క పారబోశారా, సంఘంలోంచి తీసేస్తాను! అది పురుగుల మందు కాదు, ఆవుల సరుకు. ఏ దూడనైనా అడగండి, చెబుతుంది! ఓ పడుచూ, నువ్వే, మా ఇంటికి పరిగెత్తు. బుసా వడకట్టే గుడ్డ తే. ఉతికింది తే!”

రాగులు, మొక్కజొన్న పులియబెట్టి చేసే బుసాని వడకట్టడంలో ఆ చుట్టుపక్కల నంజాలాను మించినవాళ్ళు లేరు. గుడ్డ వచ్చింది. రెండు కర్రలకు కట్టారు. ఆడవాళ్ళు ఒక్కో డబ్బా వంచారు. పైన పురుగులు నిలిచాయి, కింద గిన్నెలోకి పసుపచ్చని ద్రవం దిగింది. పురుగులు కోళ్ళకు పోయాయి. ఇంత పని జరిగి, సితూమా కుడి గదిలోకి చేరి యంత్రం తిప్పేసరికి గడియారం నాలుగు కొట్టింది. వైరస్ వేసి డెబ్బై ఏడు గంటలు. అతను ఏ ఆశా లేకుండా, చెయ్యి అలవాటు మీద పని చేశాడు. ఆ ప్రొటీన్‌కి ముందే ఒక చిన్న తోక కట్టి ఉంది. ద్రవంలో ఎంత చెత్త ఉన్నా, నికెల్ గొట్టంలోంచి పోసేటప్పుడు ఆ తోకున్నది మాత్రమే లోపల పట్టుకుని వేలాడుతుంది, తక్కిన చెత్తంతా కిందికి పోతుంది. పోవాలి మరి.

గురువారం పొద్దున, ప్రొటీన్ ఉందో లేదో తేల్చే జెల్ పలకను రంగులో ముంచి వెలుతురుకి ఎత్తి చూశాడు. నీలి గీత. మరక కాదు, గీత. బొటనవేలంత లావు. కళ్ళజోడు తీసి చూశాడు, ఉంది. ఖయెంబాను పిలిచి చూపించాడు.

“ఉందిరా అబ్బాయ్, ఏంటది?”

“ఉంది కదా? చాలు.”

తర్వాత కూర్చుని ఆలోచించాడు. పదకొండుసార్లు డెబ్బై రెండు గంటలకే దించాడు. వంట సగంలో ఉండగానే పొయ్యి మీంచి దించేసి, కూర పచ్చిగా ఉందేమిటని పదకొండుసార్లు ఏడ్చాడు. తప్పు కణాలది కాదు, వైరస్‌ది కాదు, తన చేతిది అసలే కాదు. అచ్చు వేయించిన అంకెది.

శుక్రవారం కమిటీ వచ్చింది. ముగ్గురు. వాళ్ళకి పెద్ద గథోనీ మేడమ్. గీత చూశారు, గొట్టం చూశారు, తలలూపారు. కౌంటీవాళ్ళ ట్రాక్టర్లు ఇంకెక్కడైనా పడుకోవలసిందేనన్నారు. లిమోగారు చిరునవ్వుతో పొంగిపోతుండగా మేడమ్ అడిగింది: “ఏ పద్ధతిలో చేశారో, ఏం జరిగిందో జరిగినట్టు రాసి ఇవ్వండి.”

సితూమా రాసి ఇచ్చాడు. బోర్డు దగ్గర్నుంచి గుడ్డ దాకా అన్నీ. చివర తన అభిప్రాయం కూడా రాశాడు: డెబ్బై రెండు గంటలు తప్పు, డెబ్బై ఏడు కావాలి.

అది చదివిన లిమోగారికి చెమట పట్టింది. “డెబ్బై రెండు అని అచ్చులో ఉంది. దాని మీద పై ఆఫీసు సంతకాలున్నాయి. మారిస్తే ఇంతకు ముందు పదకొండుసార్లు తప్పు చేసినట్టు ఒప్పుకున్నట్టే. ఎవరు ఒప్పుకోవాలి? నేనా?”

“ఆ నియమం మార్చే అధికారం మాకూ లేదు” అంది మేడమ్ గంభీరంగా. “అది వేరే కమిటీ. ఆ కమిటీని ఇంకా వెయ్యలేదు. కాకపోతే మాది నాణ్యత కమిటీ. ఫలితం వచ్చిన పద్ధతిలోంచి ఒక్క మెట్టు కూడా తీసెయ్యడానికి వీల్లేదు.”

“మరి డెబ్బై రెండుకి మొదలుపెట్టి డెబ్బై ఏడుకి ఎలా దించను మేడమ్?” అన్నాడు సితూమా, తల తిరిగిపోతూ.

“మొన్న ఎలా దించారు?”

ఆ సాయంత్రం ఖయెంబా కబురు మోసుకుని నంజాలా ఇంటికి వెళ్ళాడు. ఆమె వాకిట్లో బుసా గుడ్డ ఆరేస్తోంది. అంతా విని, దూడ ఉందేమోనని అలవాటుగా పక్కకు చూసి, అంది: “వస్తానని చెప్పు. నెలకొకసారి, పదిన్నరకల్లా. కానీ ఆ బల్ల మరీ గట్టిగా ఉందని కూడా చెప్పు.”

ఇప్పుడు ఆ పద్ధతి పత్రంలో నాలుగో మెట్టు “టెక్నీషియను గారి అత్తగారు కారిడార్‌లో కూర్చొనవలెను”, అయిదో మెట్టు “టెక్నీషియను కిటికీలోంచి దిగవలెను” అని ముద్ర వేసి ఉంది. ప్రతిసారీ నీలి గీత బొటనవేలంత లావున వస్తోంది. డెబ్బై రెండు గంటల నియమం మాత్రం ఈనాటికీ మారలేదు. బల్లకి దిండు మంజూరైంది.